రేకు తీసే చెయ్యి లెక్క అడగకూడదా?

ఈ వారం ఉత్తరం ఆత్రేయపురం చుట్టుపక్కల ఒక ఊరి నుంచి వచ్చింది. నోటుపుస్తకంలోంచి చించిన నాలుగు రూళ్ళ కాగితాలు, మూడో కాగితం మూలన నెయ్యి మరక. పేరు, ఊరు వేయవద్దన్నారు కాబట్టి వేయడం లేదు. సంగతులు కుదించి చెబుతాను.

ఆమెకు 38 ఏళ్ళు. పెళ్ళై 17 ఏళ్ళయింది. కూతురు ఇంటర్ చదువుతోంది, కొడుకు ఎనిమిదో తరగతి. అత్తగారు పూతరేకులు తీయడంలో చెయ్యి తిరిగిన మనిషి. కొత్తకోడలిగా వచ్చిన ఏడాదే ఈమె ఆ విద్య నేర్చుకున్నారు. ‘మొదటి నెలంతా వేళ్ళు కాల్చుకున్నాను. రెండో ఏడాదికి అత్తయ్యే, నాకన్నా పల్చగా తీస్తున్నావే అన్నారు’ అని రాశారు. భర్త అప్పట్లో ఎరువుల కొట్టులో గుమాస్తా. 2013లో ఆ ఉద్యోగం మానేసి, తల్లీ భార్యా చేసిన పూతరేకుల డబ్బాలు స్కూటరుకు కట్టుకుని బస్టాండ్లలోనూ మిఠాయి దుకాణాల్లోనూ వేయడం మొదలుపెట్టారు. 2019లో జాతీయ రహదారి పక్కన షాపు పెట్టారు. బోర్డు మీద అత్తగారి పేరు. ఇప్పుడు ఇంటి వెనుక షెడ్డులో తొమ్మిది మంది ఆడవాళ్ళు పని చేస్తున్నారు. హైదరాబాదుకు వారానికి మూడు పార్సిళ్ళు వెళ్తాయి, సంక్రాంతికి అమెరికా దాకా వెళ్తాయి.

‘షాపు ఆయన పేరు మీద, జీఎస్టీ ఆయన పేరు మీద, బ్యాంకు ఖాతా ఆయనది, ఆర్డర్లు వచ్చే ఫోను ఆయనది. నా పేరు ఒకే ఒక్క చోట ఉంది. షాపు అప్పుకు హామీగా పెట్టిన సంతకంలో.’ షాపు పెట్టేటప్పుడు ఆమె పుట్టింటివారు పెట్టిన 12 కాసుల బంగారం కూడా కుదువకు వెళ్ళింది. ఏటా వడ్డీ కట్టి తిరగరాస్తున్నారే తప్ప ఇంటికి రాలేదు.

దసరాకు ముందు ఆమెకు ఒక బ్యాంకు కాగితం కంటపడింది. రొయ్యల చెరువులో నష్టపోయిన మరిదికి భర్త నాలుగు లక్షలు ఇచ్చారు. ఈమెకు చెప్పలేదు. ఉగాది నుంచి ఆ మరిదినే షాపులో భాగస్వామిగా తీసుకుంటున్నారన్న సంగతి షెడ్డులో పనిచేసే ఒకావిడ నోట తెలిసింది. ఆ సాయంత్రమే, పనివాళ్ళ ముందే అడిగారు. ‘నా షాపులో నన్నే లెక్క అడుగుతావా?’ అన్నారాయన. ‘రేకు తీయడం రాని మీకు షాపెక్కడిది?’ అని ఈమె అన్నారు. పదకొండు రోజులు షెడ్డులో అడుగు పెట్టలేదు. ఆయన మరో ఇద్దరిని పెట్టుకున్నారు. రేకులు మందంగా ఉన్నాయని, విరిగిపోయాయని ఒక ఆర్డరు మొత్తం వెనక్కి వచ్చింది. పండగ దగ్గర పడడంతో ఈమె తనంతట తానే వెళ్ళి కుండ ముందు కూర్చున్నారు. అప్పటినుంచి ఇద్దరి మధ్యా ఆర్డర్ల మాటలే. ‘హైదరాబాద్ డబ్బాలు కట్టారా?’ ‘కట్టాం.’ అంతే. మొన్న కూతురు అందట: ‘నాన్న నీతో మాట్లాడాలంటే నువ్వు కూడా ఫోనులో ఆర్డరు పెట్టాలేమోనమ్మా.’

ఆమె అడిగినవి మూడు. ఈ పని మానేసి ఇంటిపట్టున ఉండిపోతే సంసారం నిలబడుతుందా? పెట్టుబడి పెడతాను, వేరే కొట్టు పెట్టుకో అంటున్న తమ్ముడి మాట వినాలా? భార్య భర్తను వాటా అడిగితే విడాకులు అడిగినట్టేనా?

అమ్మా,

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే మీరు దాన్ని చివర్లో, చిన్న అక్షరాలతో రాశారు. అసలు ప్రశ్న అదేనని నాకు అనిపించింది. వాటా అడగడం విడాకులు అడగడం కాదు. విడిపోదామనుకున్నవాళ్ళు పాత లెక్క తేల్చమంటారు. మీరు రాబోయే లెక్కలో మీరూ ఉండాలని అడుగుతున్నారు. రెండింటికీ చాలా దూరం ఉంది. ఆ దూరం మీ వారికి కనిపించేలా అడగగలరా అన్నదే కష్టమైన పని.

మీ ఇంట్లో ఇప్పుడు మూడు తగాదాలు ఒకే తాడుకు చుట్టుకుని ఉన్నాయి. ఒకటి నాలుగు లక్షలు. రెండోది మరిది రాక. మూడోది ఆ సాయంత్రం అన్న రెండు మాటలు. డబ్బు సంగతి కాగితం మీద తేలుతుంది. మరిది సంగతి ఉగాది దాకా సమయం ఉంది. నిద్ర పట్టనివ్వనిది ఆ రెండు మాటలే. కాబట్టి వాటి దగ్గర కాస్త ఆగుదాం.

‘నా షాపు’ అన్న మాట మీకు ముల్లులా గుచ్చుకుంది. గుచ్చుకోవాలి కూడా. కానీ మన చట్టం దృష్టిలో అది నిజం. పెళ్ళైనంత మాత్రాన మన దగ్గర భార్యాభర్తల ఆస్తి ఉమ్మడి అయిపోదు. ఒక్కరి పేరు మీద నడిచే వ్యాపారం ఆ ఒక్కరిదే. మీరు పదేళ్ళకు పైగా కుండ ముందు కూర్చున్న సంగతి ఆ రిజిస్ట్రేషన్లలో ఎక్కడా లేదు. ఇంకో సంగతి చెబితే మీకే కాదు, మీ వారికీ ఆశ్చర్యం కలగవచ్చు. రేపు ఆయనకు జరగరానిది జరిగితే, వీలునామా లేకపోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన సంపాదించుకున్న ఆస్తి నాలుగు సమాన భాగాలవుతుంది: మీకొకటి, పిల్లలిద్దరికీ చెరొకటి, మీ అత్తగారికి ఒకటి. అత్తగారికి వెళ్ళడంలో అన్యాయమేమీ లేదు, ఆమె చేతి విద్యే కదా ఇదంతా. అయితే షాపును రోజూ నడిపే మనిషికి నాలుగోవంతు మాటే ఉంటుంది. మరోవైపు బ్యాంకు అప్పుకు మీరు హామీదారు. హామీదారు బాధ్యత, ఒప్పందంలో వేరే విధంగా రాసి ఉంటే తప్ప, అప్పు తీసుకున్నవారి బాధ్యతతో సమానం. లాభంలో మీ పేరు లేదు, అప్పులో మాత్రం పూర్తిగా ఉంది. కోపంలో రాసిన ఒక్క వాక్యంలో మీరే ఈ సంగతి చెప్పేశారు.

ఇక ఆయన వైపు. ఆయన లేకుండా ఆయన తరఫున మాట్లాడడం నాకూ ఇబ్బందే, అయినా మీరు రాసినదాన్నిబట్టే చెబుతాను. మామగారు పోయాక తమ్ముడి చదువు, పెళ్ళి ఈయనే చూశారని మీరే రాశారు. చెరువు పోయి, అప్పులవాళ్ళు ఇంటికి వస్తున్న తమ్ముడు అన్న దగ్గరికి రాక ఎవరి దగ్గరికి వెళ్తాడు? ఇవ్వడం తప్పు కాదు. అడిగి ఉంటే బహుశా మీరూ ఇవ్వమనే అనేవారు. చెప్పకుండా ఇవ్వడం తప్పు. ఎందుకు చెప్పలేదు? మిమ్మల్ని లెక్కచేయక అని మీరు అనుకుంటున్నారు. కావచ్చు. నాకు మాత్రం మీ బంగారమే అడ్డు వచ్చి ఉంటుందనిపిస్తోంది. 2019 నుంచి భార్య బంగారం విడిపించలేకపోయిన మనిషి, తమ్ముడికి నాలుగు లక్షలు ఇస్తున్నానని ఆ భార్య ముందు ఏ నోటితో అంటాడు? సిగ్గుపడిన మగవాడు క్షమించమనడు, గొంతు పెంచుతాడు. ఇది ఆయన్ను వెనకేసుకు రావడం కాదు. రేపు మీరు మాట్లాడబోయేది పొగరుతోనా, సిగ్గుతోనా అన్నది తెలిస్తే మాట తీరు మారుతుందని చెబుతున్నాను.

మీరన్న మాట సంగతి కూడా చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. నాలుగు పేజీల్లో మూడుసార్లు ‘ఆయనకు రేకు తీయడం రాదు’ అని రాశారు. నేను లెక్కపెట్టాను. ఎండలో స్కూటరు మీద డబ్బాలు వేసుకుని బస్టాండ్లు తిరిగిన ఆరేళ్ళ గురించి ఒక్క వాక్యం. దారిలో రేకు విరగకుండా ఉండేలా అట్టపెట్టె కొలతలు మార్చి మార్చి చూసింది ఆయనేనట, దానికి అర వాక్యం. మీ ప్రాంతంలో పల్చగా రేకు తీసే చేతులు ఇంకా ఉన్నాయి. అందులో ఎన్ని ఇళ్ళు ఇప్పటికీ వందల లెక్కన దళారికి రేకులు వేసి, వాడిచ్చినంత పుచ్చుకుంటున్నాయో మీకు నాకన్నా బాగా తెలుసు. విద్య మీది. దాన్ని షాపు దాకా నడిపించింది ఆయన. మీ పదకొండు రోజుల్లో ఆర్డరు వెనక్కి రావడం మీ విలువను రుజువు చేసింది, ఒప్పుకుంటాను. కానీ దాన్ని మళ్ళీ మళ్ళీ ఎత్తిచూపకండి. ఆయన ఒక వారం ఫోను ఎత్తకపోతే ఏమయ్యేదో కూడా చూడాల్సి వస్తుంది.

అందుకే ముందు మాట, తరువాత కాగితం. మాట కోసం ఏ వేళ, ఏ చోటు అన్నది ముఖ్యం. షెడ్డులో వద్దు. షాపులో వద్దు. రాత్రి పడుకోబోయే ముందు అసలే వద్దు, ఆ వేళకు ఇద్దరూ పొగకు, లెక్కలకు అలసిపోయి ఉంటారు. ఇప్పుడు కార్తీకం నడుస్తోంది. సంక్రాంతి ఆర్డర్ల వేడి మొదలయ్యేలోపు మీకు నాలుగైదు వారాలున్నాయి. ఏదో ఒక సోమవారం గుడికి వెళ్ళి, వచ్చేటప్పుడు గోదావరి గట్టున కాసేపు కూర్చోండి. ‘ఎందుకిచ్చారు?’ అని అడగవద్దు, దానికి జవాబు మీకు తెలుసు. ‘మనం ఇంకా ఎవరికైనా ఇవ్వాల్సి ఉందా? నాకు తెలియనిది ఇంకేదైనా ఉందా?’ అని అడగండి. ఆ ‘మనం’ అన్న మాట మరిచిపోకండి. పనివాళ్ళ ముందు అన్న మాటకు మీ వంతు క్షమాపణ మీరు చెప్పండి, ఆయన చెప్పినా చెప్పకపోయినా. అది ఓడిపోవడం అవుతుందని మీకు అనిపించవచ్చు. దాని తరువాత ఆయన గొంతు ఎంత దిగుతుందో చూసి చెప్పండి.

ఆ మాట జరిగాక మీ ముందు ఉండే దారులు ఇవి.

పని మానేయడం. దీని గురించి ఎక్కువ చెప్పను. షెడ్డు మీ వంటింటి గోడకు ఆనుకునే ఉందని రాశారు. ఆ పొగ వస్తూనే ఉంటుంది, ఆ మాటలు వినబడుతూనే ఉంటాయి. మీ హామీ సంతకం చెరగదు, బంగారం ఇంటికి రాదు. పైగా ఏం జరుగుతోందో తెలుసుకునే వీలు కూడా పోతుంది. ఒంట్లో బాగాలేక, కళ్ళు మంటలు పుడుతున్నాయని మానేస్తానంటే అది వేరు. నిజానికి ఏళ్ళ తరబడి కుండ కింద మంట ముందు కూర్చున్న మీ కళ్ళు, ఊపిరితిత్తులు ఒకసారి డాక్టరుకు చూపించుకోవాలి. అలిగి మానేయడం మాత్రం రెండో పదకొండు రోజులే అవుతుంది.

తమ్ముడి డబ్బుతో వేరే కొట్టు. మీ తమ్ముడి ప్రేమను నేను శంకించడం లేదు. కానీ ఆలోచించండి: అదే సరుకు, అవే ఊళ్ళు, అవే చేతులు. మీ షెడ్డులోని తొమ్మిది మందిలో నలుగురు మీ వెంట వస్తారు, ఐదుగురు అక్కడే ఉంటారు. మీ పిల్లలు ఏ కొట్టుకు మావాళ్ళదని చెబుతారు? ఇంకో సంగతి. ఇప్పుడు మీ బాధ, అన్నదమ్ముల మధ్య డబ్బు మీకు తెలియకుండా కదిలిందని. రేపు అక్కాతమ్ముళ్ళ మధ్య డబ్బు కదిలితే మీ మరదలు ఇలాంటి ఉత్తరమే రాయవచ్చు. తమ్ముడి సహాయం తీసుకోవాల్సి వస్తే అప్పుగా, కాగితం మీద, ఆమెకు కూడా తెలిసేలా తీసుకోండి.

ఇందులోనే మరో దారి ఉంది, అది మీరు చూడలేదు. పోటీ కొట్టు కాకుండా, తయారీ ఒక్కటీ మీ పేరు మీదకు తెచ్చుకోవడం. షెడ్డు మీ సంస్థ, షాపు ఆయనది. మీరు రేకులు, చుట్టిన పూతరేకులు ఆయన షాపుకు బిల్లు మీద అమ్ముతారు. చిన్న పరిశ్రమలకు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషను, ఆహార భద్రతా సంస్థ అనుమతి, బ్యాంకు ఖాతా మీ పేరు మీద ఉంటాయి. బియ్యం, నెయ్యి, పంచదార, కూలి మీ ఖాతాలోంచి వెళ్తాయి. చిన్న ఆహార పరిశ్రమలకు 2020లో కేంద్రం తెచ్చిన పథకం కింద యంత్రాలకు, షెడ్డుకు తీసుకునే అప్పు మీద ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా రాయితీ ఇస్తూ వచ్చారు. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా పరిశ్రమల కేంద్రంలోనో ఉద్యానశాఖలోనో అడగండి. ఈ దారిలో గొప్ప సుఖం ఏమిటంటే ఎవరి లెక్క వారిదే. ఇబ్బంది ఏమిటంటే ధర. డబ్బాకు ఎంత అన్న బేరం ఇప్పుడు మొగుడూ పెళ్ళాల మధ్యకు వస్తుంది. ఏడాదికోసారి ధర రాసుకుని మళ్ళీ ఆ ఊసు ఎత్తకుండా ఉండగలిగే జంటలకు ఇది కుదురుతుంది. ప్రతి శనివారం బేరమాడే జంటలకు కుదరదు. మీరు ఎలాంటివారో మీకే తెలియాలి.

మూడోది, ఇద్దరూ భాగస్వాములు కావడం. మీ మనసు ఇటే ఉందని ఉత్తరం చెబుతోంది కాబట్టి కాస్త లోతుగా చూద్దాం. ‘సరే, జీతం రాస్తాను తీసుకో’ అని ఆయన అంటే మాత్రం తొందరపడి ఒప్పుకోవద్దు. భర్త వ్యాపారంలోంచి భార్య తీసుకునే జీతాన్ని ఆదాయపు పన్ను వారు, భార్యకు ఆ పనికి తగిన సాంకేతిక లేదా వృత్తిపరమైన అర్హత ఉంటే తప్ప, భర్త ఆదాయంలోనే కలిపేస్తారు. మీరు పదేళ్ళు కాల్చుకున్న వేళ్ళను వాళ్ళు అర్హతగా ఒప్పుకుంటారో లేదో ఆడిటరే చెప్పాలి. ఇంతకీ జీతం తీసుకుంటే ఉద్యోగి అవుతారు. ఉద్యోగికి మరిది రాకను అడ్డుకునే హక్కు ఉండదు.

భాగస్వామికి ఉంటుంది. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం, పత్రంలో వేరుగా రాసుకుంటే తప్ప, ఉన్న భాగస్వాములందరూ ఒప్పుకోకుండా కొత్తవారిని చేర్చుకోవడానికి వీల్లేదు. వాటా ఎంతో రాసుకోకపోతే లాభం సమానంగా పంచుకోవాలి. పని చేసే భాగస్వామికి జీతం కావాలంటే మాత్రం రాసుకోవాల్సిందే, రాయకపోతే రాదు. పత్రం రాసుకుని బీరువాలో పెట్టుకుంటే చాలదు, సంస్థను రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయించండి. నమోదు కాని సంస్థ భాగస్వామి ఆ ఒప్పందం మీద వచ్చిన హక్కు కోసం కోర్టుకు వెళ్ళడం చాలావరకు కుదరదు.

ఆడిటరు గారు ఒక అభ్యంతరం చెబుతారు, అది సాకు కాదు. ఒక్కరి పేరు మీద నడిచే వ్యాపారానికి ఆదాయపు పన్ను శ్లాబుల ప్రకారం పడుతుంది. భాగస్వామ్య సంస్థకు లాభం మీద నేరుగా 30 శాతం. పని చేసే భాగస్వాములిద్దరికీ పరిమితి మేరకు జీతం చూపించి దాన్ని తగ్గించుకోవచ్చు, అయినా మీ స్థాయి వ్యాపారానికి పన్ను పెరగవచ్చు. కొత్త పాన్, కొత్త జీఎస్టీ, కొత్త బ్యాంకు ఖాతా, కొత్త అనుమతులు కావాలి. ‘ఇదంతా మనకెందుకు?’ అని ఆయన అంటే విసుక్కోకండి. ఇద్దరూ కలిసి ఆడిటరు దగ్గరికి వెళ్ళి, రెండు విధాలా ఎంతవుతుందో అంకెల్లో అడగండి. ఆ తేడా ఏడాదికి ఎంతో తెలిశాక, మీ పేరు కాగితంలో ఉండడానికి ఇంటిల్లిపాదీ అంత ఖర్చు పెట్టుకోవడానికి సిద్ధమా అని ఆలోచించండి. కొన్ని ఇళ్ళు సిద్ధపడతాయి. కొన్ని ఇళ్ళు తయారీ విభాగం దారిలోకి వెళ్తాయి. రెండూ మర్యాదైన దారులే.

భాగస్వామి కావడమంటే వాటా ఒక్కటే వస్తుందనుకోవద్దు. సంస్థ చేసే అప్పులకు భాగస్వాముల సొంత ఆస్తులు కూడా పూచీ. మీ పుట్టింటివారు మీ పేరు మీద రాసిన అరెకరం కూడా అందులోకి వస్తుంది. మీరు చేరకముందు చేసిన అప్పులకు మామూలుగా మీ బాధ్యత లేదు, కాబట్టి చేరే తేదీ నాటికి ఎవరికెంత ఇవ్వాలో జాబితా రాయించి పత్రానికి జతచేయండి. మరిదికిచ్చిన నాలుగు లక్షలు అందులో ఎలా రాస్తారన్నది చిన్న సంగతి కాదు. ఆయన సొంత వాడకంగా రాస్తారా, మరిది నుంచి రావాల్సిన బాకీగా రాస్తారా, లేక మరిది భాగస్వామి అయితే అతని పెట్టుబడిగా మారుస్తారా? మూడో పద్ధతిని నేను ఒప్పుకోను. మీ డబ్బే అతని చేతికి వెళ్ళి, తిరిగి అతని వాటాగా రావడమవుతుంది. మరిదికి పని కావాలంటే హైదరాబాదు పార్సిళ్ళ పని అప్పగించి, నెల జీతం ఇవ్వమనండి. ఇదే మాట మరిదికి కూడా గౌరవంగానే ఉంటుంది, దయ కింద షాపులో కూర్చోవడం కన్నా.

పత్రంలో ఒక వాక్యం తప్పక రాయించండి: ఇంత మొత్తం దాటితే, అప్పు తీసుకోవాలన్నా ఇవ్వాలన్నా ఇద్దరి సంతకాలూ కావాలి. మొత్తం ఎంతో మీరే నిర్ణయించుకోండి. ఆ వాక్యం ఈ దసరాకు ముందే ఉండి ఉంటే మీరు నాకు ఉత్తరం రాసేవారు కాదు.

బంగారం సంగతి. పుట్టింటివారు మీకు పెట్టింది మీ స్త్రీధనం. అది భర్త చేతిలో ఉన్నా మీ సొత్తేనని 1985లో సుప్రీంకోర్టు చెప్పింది. 2024లో మళ్ళీ, కష్టకాలంలో భర్త వాడుకోవచ్చు గానీ తిరిగి ఇవ్వాల్సిన ధర్మం ఆయన మీద ఉంటుందని చెప్పింది. మీరు ఇష్టంగానే ఇచ్చారు, నిజమే. ఇష్టంగా ఇచ్చినంత మాత్రాన కానుక అయిపోదు, కానీ కాగితం లేకపోతే చివరికి అలాగే అనుకుంటారు. భాగస్వామ్యం రాసుకునేటప్పుడు ఆడిటరు ఆ 12 కాసులను మీ పెట్టుబడిగా చూపిద్దామంటారు. ఒక్క నిమిషం ఆగండి. పెట్టుబడిగా రాస్తే, షాపు నష్టపోయిన రోజున దానితోపాటే పోతుంది. సంస్థ మీకు బాకీ ఉన్న అప్పుగా రాస్తే, పంపకం వచ్చిన రోజున బయటివాళ్ళ బాకీల తరువాత, పెట్టుబడులకన్నా ముందు మీకు రావాలి. లేదా అన్నిటికన్నా సులువైనది, ఈ సంక్రాంతి రాబడిలోంచి దాన్ని విడిపించి ఇంటికి తెచ్చి, ఆ తరువాత పత్రాల సంగతి చూడడం. నేనైతే దీనికే ఓటు వేస్తాను. మాఘమాసంలో పెళ్ళికి వెళ్ళేటప్పుడు మెడలో ఆ గొలుసు ఉంటే, ఆయనకు మీ ముఖంలోకి చూసి మాట్లాడడం కూడా తేలికవుతుంది.

బోర్డు మీది పేరు గురించి ఒక మాట. ‘ఆత్రేయపురం పూతరేకులు’ అన్న పేరుకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది ఆ ప్రాంతపు తయారీదారులందరిదీ, ఏ ఒక్క ఇంటిదీ కాదు. మీ షాపును వేరుగా నిలబెట్టేది మీ అత్తగారి పేరే. దాన్ని ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించారా? చేయించకపోతే, మరిది రేపు అదే పేరుతో రావులపాలెంలో ఇంకో కొట్టు పెడితే అతనిదీ తల్లి పేరే కదా. ఒక్కరికో చిన్న సంస్థకో ఆన్‌లైన్ రుసుము ఒక్కో సరుకుల తరగతికి 4,500 రూపాయలు, పదేళ్ళకోసారి తిరగరాయించుకోవాలి. ఎవరి పేరు మీద నమోదు చేయాలన్నది కూడా ఆ గోదావరి గట్టు మాటల్లోనే తేల్చుకోండి.

ఇవేవీ ఇప్పుడే వద్దు, ఆయన పత్రమంటేనే మండిపడుతున్నారు అంటే, కనీసం ఇది చేయండి. ఆదివారం మధ్యాహ్నం షాపు మూసి భోజనం చేశాక అరగంట. ఆ వారం వచ్చింది, పోయింది, రావాల్సింది ఒక పుస్తకంలో ఇద్దరూ కలిసి రాయండి. మీ అమ్మాయిని కూడా కూర్చోబెట్టుకోండి, కూడికలు తను వేస్తుంది. ఆ అరగంట తరువాత మళ్ళీ ఆదివారం దాకా ఆర్డర్ల ఊసు భోజనాల దగ్గర ఎత్తకూడదని ఒప్పందం చేసుకోండి. మొదటి వారాల్లో అన్నం దగ్గర మాట్లాడడానికి ఏమీ తోచదు. కంగారు పడకండి, పదేళ్ళుగా ఆర్డర్లే మాట్లాడుకున్నారు కదా. కొడుకు మార్కుల దగ్గర మొదలుపెట్టండి.

ఆయన చెయ్యి చేసుకోలేదని, తిట్టలేదని మీరు రాశారు కాబట్టి ఇదంతా మాటలతో తేలే సంగతిగానే చూశాను. అది మారితే ఈ సలహా మొత్తం పక్కన పెట్టి మహిళల సహాయ నంబరు 181కి ఫోను చేయండి. పత్రాలు చదివి చెప్పేవారు కావాలంటే దగ్గరి కోర్టులోని న్యాయసేవల కమిటీకి వెళ్ళండి. ఆడవారికి ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా న్యాయసహాయం దొరుకుతుంది. అక్కడికి వెళ్ళడమంటే కేసు వేయడం కాదని మీ వారికి ముందే చెప్పి వెళ్ళండి.

మీ అత్తగారిని నేను మరిచిపోలేదు. ‘ఇంటి పరువు తీశావు’ అన్నారని బాధపడ్డారు. ఆమెను ఒకరోజు మధ్యాహ్నం, ఎవరూ లేనప్పుడు ఒక సంగతి అడగండి. ముప్ఫై ఏళ్ళు రేకులు తీశారు కదా, ఆ డబ్బు ఏనాడైనా మీ చేతికి వచ్చిందా అత్తయ్యా అని. దెప్పిపొడిచినట్టు కాదు, తెలుసుకోవడానికే. ఆమె ఏం చెబుతారో నేను ఊహించను. కానీ కొడుకుకు మీరు పది రోజులు చెప్పలేనిది ఆమె ఒక్క పూటలో చెప్పగలరు. మీ ఊరిలో ఇంకా ఆమె మాటే నడుస్తుందని మీరే రాశారు.

ఇంకొక్కటి, ఇది మాత్రం గోదావరి గట్టు దాకా ఆగకూడదు. బంగారం కుదువపెట్టిన రసీదు బీరువాలో ఉందన్నారు. ఈ రాత్రే తీసి గడువు తేదీ చూడండి. ఇలాంటి అప్పులు చాలావరకు ఏడాది గడువువే, గడువు దాటి వడ్డీ కట్టకపోతే నోటీసు, ఆ తరువాత వేలం. నాలుగు లక్షలు బయటకు వెళ్ళిన ఏడాదిలో ఆ వడ్డీ కట్టారో లేదో మీ ఉత్తరంలో లేదు. ఆ తేదీ దగ్గరపడి ఉంటే, పైన చెప్పిన మాట అక్కడి నుంచే మొదలుపెట్టండి.